మూత తీయని పెట్టె

కబురు మొదట తెచ్చింది మస్తానమ్మ. సోమశిల నుంచి ఆత్మకూరుకు చేపలు తెచ్చి మా వీధి మొదట్లో గంప దించుతుంది. ఆ రోజు గంప దించకముందే నన్ను చూసి అడిగింది.

"ఏం మే సలోమీ, నీతో మిలిటరీలో ఉన్నిన ఉదయగిరి పిల్ల పోయి సంవత్సరమయ్యిందని కూడికంట గదా. రాయి గూడా పెడతా ఉండారంట. తూటాలు తగిలి పోయినాదని రాయించినారంట. మా చెల్లెలి మొగుడే ట్రాక్టర్లో ఆ రాయి దించి వచ్చినాడు."

"తూటాలా?" అన్నాను.

"గుండెలో తగిలినాయంట గదా. నీకు తెలీదా ఏంది? నువ్వు పక్కనే ఉన్నింటివి గదా."

పక్కనే ఉన్నాను. అందుకే ఇది రాస్తున్నాను. సుగుణకు తూటా తగల్లేదు.

నేను బడికి పోయి చదువుకున్నదాన్ని కాదు. మా అవ్వ ఇంట్లో బైబిలు ముందు కూర్చోబెట్టి అక్షరాలు దిద్దించింది. తర్వాత ఓపెన్ స్కూల్లో పది పాసయ్యాను. ఆ పదితోనే సాయుధ దళంలో చేరాను. అవ్వకు, ఆమె చేతిలోని బెత్తానికి నేను రోజూ కృతజ్ఞతలు చెప్పుకుంటాను. రాతలో తప్పులుంటే నావి. జరిగింది మాత్రం జరిగినట్టే రాస్తున్నాను.

మేము ఆ పోస్టుకు చేరింది శీతాకాలం ముందు. కాశ్మీరులో ఒక కనుమ దారి. లారీ వెనక టార్పాలిన్ కింద కూర్చుని వచ్చాం. దిగేసరికి కాళ్ళు మొద్దుబారిపోయాయి. ఎడమ పక్క కొండ. కుడి పక్క లోయ, లోయ అడుగున ఏరు. మధ్యలో దారి. దారికి అడ్డంగా ఒక గేటు, ఇసుక మూటల బంకర్, వంట షెడ్డు. కొండవాలుకు ఆనించి ఒక టెంటు. ఆ టెంటులోనే మా ఆడవాళ్ళ డ్యూటీ.

మేము ఎనిమిది మందిమి ఆడవాళ్ళం. మా మీద హవల్దార్ మేడమ్. ఆమెది హర్యానా. రేడియో ఆపరేటర్, వంటవాడు, బంకర్లో ఉండేవాళ్ళు మగవాళ్ళు. తెలుగు వచ్చినవాళ్ళం ఇద్దరమే. నాది ఆత్మకూరు పక్క పల్లె. సుగుణది ఉదయగిరి కొండ కింద పల్లె. ట్రైనింగులో పరిచయమైంది. నాకంటే చిన్నది. పొడవు జుట్టు. టోపీ కింద ముడి పెట్టడానికి రోజూ అద్దం ముందు కుస్తీ పట్టేది.

మొదటి రోజే ఆ మంచు కొండలను చూసి పెదవి విరిచింది.

"మా కొండ మీద కోటన్నా ఉండాది మే. దీని మీద ఏముండాది, తెల్లసున్నం తప్ప?"

"నోరు మూసుకో. మీ కొండ ఎక్కడ, ఇది ఎక్కడ."

"ఎత్తుదేముందిలే. మా కొండెక్కితే కిందికి దిగి అన్నం తినొచ్చు. దీన్నెక్కితే వాళ్ళే కిందికి తెస్తారు, మోసుకోని."

పని ఇది. బస్సులు, జీపులు గేటు దగ్గర ఆగుతాయి. మగవాళ్ళను మగవాళ్ళు తనిఖీ చేస్తారు. ఆడవాళ్ళను టెంటులోకి పంపుతారు. మేము తనిఖీ చేసి పంపాలి. ఒంటి మీద బుల్లెట్‌ప్రూఫ్ జాకెట్, తల మీద ఇనుప పట్కా, భుజాన రైఫిల్. చేతులకు ఉన్ని గ్లౌజులు ఇచ్చారు. తనిఖీ చేయాలంటే అవి తీయాలి. పొగమంచులో గ్లౌజులు తీస్తే వేళ్ళు చెక్కముక్కలు. ఆ చేతులు తగిలితే ఆ ఆడవాళ్ళు ఉలిక్కిపడేవాళ్ళు. కొందరు మమ్మల్ని తిట్టేవాళ్ళు. భాష తెలియకపోయినా తిట్టు తెలుస్తుంది. సుగుణ ఒక్కొక్కరి ముందూ ఆగి, చేతులు రెండూ చంకల్లో పెట్టుకుని వెచ్చ చేసుకుని అప్పుడు ముట్టుకునేది. లైను ఆలస్యమవుతుందని హవల్దార్ మేడమ్ అరిచేది. "వాళ్ళేం పాపం చేసినారు మేడమ్" అని తెలుగులోనే జవాబు చెప్పేది. మేడమ్‌కు అర్థమయ్యేది కాదు. బతికిపోయేది.

డ్యూటీకి ముందు మేమిద్దరం టెంటు వెనక ఒక నిమిషం ప్రార్థన చేసుకునేవాళ్ళం. చలికాలమంతా దేవుడు కాచాడు. ఆ దారిలో మా పోస్టు మీద ఒక్క కాల్పు కూడా జరగలేదు. సుగుణ తన రైఫిల్‌ను ట్రైనింగులో తప్ప ఎక్కడా పేల్చలేదు. ఈ మాట గుర్తుంచుకుని తర్వాతది చదవండి.

మార్చిలో మంచు కరగడం మొదలైంది. దాని మీద వాన పట్టుకుంది. కొండంతా నానింది. రాత్రింబగళ్ళు చిన్న చిన్న రాళ్ళు టెంటు గుడ్డ మీద పడేవి. హవల్దార్ మేడమ్ కొండను చూసింది, టెంటును చూసింది, రేడియో దగ్గరికి పోయింది. నేను పక్కనే ఉన్నాను.

"కంట్రోల్, పోస్ట్ ఫోర్. పైనుంచి రాళ్ళు పడుతున్నాయి. లేడీస్ టెంటు గేటుకు ఇవతలికి మార్చడానికి అనుమతి కావాలి. ఓవర్."

"పోస్ట్ ఫోర్, కంట్రోల్. కాన్వాయ్ పోయేదాకా ఏదీ కదిలించొద్దు. అవుట్."

సుగుణకు చెప్పాను. తడిసిన సాక్సు పిండుతూ నవ్వింది.

"కాన్వాయ్‌లో వచ్చే సార్లకు మన టెంటు ఆడనే ఉంటే అందంగా ఉంటాదేమో మే."

మర్నాడు పొద్దున ఆరుకు డ్యూటీ ఎక్కాం. కాన్వాయ్ రాలేదు. దారి ముందే ఎక్కడో తెగిపోయింది. ఇక కాన్వాయ్ రాదని మాకు ఎవరూ చెప్పలేదు. బస్సులు రాలేదు. తనిఖీ చేయడానికి ఒక్క మనిషి లేదు. అయినా టెంటులో ఒకరు ఉండాలి. సుగుణ ఉంది. నేను గేటు దగ్గర.

ట్రాక్టరు ట్రాలీ ఎత్తి కంకర గుమ్మరించినట్టు చప్పుడు. అంతే. నేను తిరిగి చూసేసరికి టెంటు లేదు. ఒక రాయి దొర్లి వచ్చి నా మోకాలికి కొట్టింది. పడ్డాను. పాక్కుంటూ పోయాను. బంకర్లో వాళ్ళు పారలు తెచ్చారు. హవల్దార్ మేడమ్ చేతులతో తవ్వింది. రేడియో ఆపరేటర్ అరుస్తూనే ఉన్నాడు, "ఒకరు మట్టి కింద, ఒకరు మట్టి కింద". బయటికి తీసేసరికి అయిపోయింది. తల వెనక ఒకటే దెబ్బ. ఊపిరి ఆ దెబ్బతోనే పోయిందని, ఆమెకు ఏమీ తెలిసి ఉండదని తర్వాత డాక్టరు చెప్పాడు.

దారి రెండు వైపులా మూసుకుపోయింది. సాయంత్రం దాకా ఆమెను తీసుకుపోవడానికి ఎవరూ రాలేకపోయారు. అప్పటిదాకా మా దగ్గరే ఉంది. ఆ కొన్ని గంటల్లో నేనేం చేశానో ఇంకాస్త కిందికి పోయాక చెబుతాను. దాన్ని మొదట వినాల్సిన మనిషి ఒకామె ఉంది. ఆమెకు ఎలా చెప్పాల్సి వచ్చిందో అది ముందు చెప్పాలి.

విమానంలో పంపే ఏ పెట్టెకైనా వేసినట్టే సీలు వేసి సుగుణను పంపారు. నన్ను ఆసుపత్రికి పంపారు. ఒక ఆసుపత్రి నుంచి ఇంకో ఆసుపత్రి. మోకాలు వంగదని తేల్చి నన్ను దళం నుంచి పంపించేశారు. కాలు మిగిల్చినందుకు దేవునికి స్తోత్రం. ఆసుపత్రి నుంచి సుగుణ వాళ్ళమ్మ కరుణమ్మకు రెండుసార్లు ఫోన్ చేశాను. ఫోన్ ఆమె తమ్ముడు దేవదానం దగ్గర ఉంటుంది. ఆయన వాళ్ళ సంఘానికి కార్యదర్శి. "అక్క మనిషిగా లేదు పాపా, ఇప్పుడు గెలకొద్దు" అన్నాడు రెండుసార్లూ. జరిగింది దళం వాళ్ళు చెప్పే ఉంటారనుకున్నాను. చేపల గంప మాట వినేదాకా అనుకుంటూనే ఉన్నాను.

కూడిక రోజు పొద్దున బస్సెక్కాను. కాలు చాపుకోవాలని చెబితే ఒక పెద్దాయన లేచి కిటికీ సీటు ఇచ్చాడు. ఆయన చల్లగా ఉండాలి. దారి పొడవునా నిమ్మతోటలు, సర్కారు తుమ్మ. ఉదయగిరిలో దిగి ఆటోలో పల్లెకు పోయాను.

ఊరి మొదట్లోనే ఫ్లెక్సీ కట్టారు. యూనిఫాంలో సుగుణ ముఖం. కింద ఒళ్ళు ఎవరిదో. చేతిలో మేమెప్పుడూ చూడని తుపాకి. ఛాతీ మీద ఎర్ర చుక్కలు. చుక్కలు కారుతున్నట్టు కూడా గీయించారు. దాని పక్కన నల్లరాయి, మీద తెల్లగుడ్డ. పక్కనే షామియానా, ప్లాస్టిక్ కుర్చీలు.

వంటల దగ్గర ఆడవాళ్ళు ఉంటే మంచినీళ్ళు అడిగాను. నేనెవరో చెప్పాను. మాంసం తరుగుతున్న ఒకామె కత్తిపీట మీద నుంచి లేచి నీళ్ళిచ్చింది. కరుణమ్మ ఎక్కడ అంటే ఇటువైపు రాదని చెప్పింది.

"మాంసం కోసే తావుకు ఆమె రాదమ్మా. ఏడాదయింది. చూసిందంటే తల తిప్పేసుకోని వాంతి చేసుకుంటాది. నా బిడ్డ గూడా ఇట్లనే అయుంటాది గదా, అందుకే గదా మూత తీయలేదు అంటాది. మేమేం చెప్పేది?"

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మా సంఘాల్లో మనిషి పోతే, సమాధుల తోటకు తీసుకుపోయే ముందు గుడిలో పెట్టె మూత తీసి పెడతారు. అందరూ వరుసగా వచ్చి ఆఖరి చూపు చూస్తారు. కన్నవాళ్ళు చివర చూస్తారు. నుదురు ముట్టుకుంటారు. ఆ తర్వాతే మూత. ఎంత బీదవాళ్ళకైనా ఆ చూపు ఉంటుంది. కరుణమ్మకు అది లేదు. జెండా కప్పిన పెట్టె వచ్చింది. తీయొద్దని వెంట వచ్చినవాళ్ళు చెప్పారు. తీయొద్దన్నారంటే లోపల ముఖం లేదని ఊరు తేల్చేసింది. ముఖం లేదంటే తూటాలే అని దేవదానం తేల్చాడు. ఆ రోజే గుడిలో మైకు పట్టుకుని చెప్పాడట.

అతన్ని షామియానా వెనక పట్టుకున్నాను.

"తూటాలని ఎవురు చెప్పినారు మామా మీకు?"

"ఆఫీసరు చెప్పినాడు. ఆపరేషనల్ డ్యూటీలో పోయింది అన్నాడు. ఆపరేషన్ అంటే ఏంది? యుద్ధమే గదా."

"కొండ జారి మన్ను పడింది. నేను ఆడనే ఉన్నాను. ముఖం చక్కగా ఉన్నింది."

దేవదానం అటూ ఇటూ చూశాడు. చొక్కా జేబులో పెన్ను సర్దుకున్నాడు.

"ఉంటే మంచిదే పాపా. నీలోనే పెట్టుకో. మన్ను పడి పోయిందంటే ఎవురొస్తారు చెప్పు? ఈ పొద్దు రాయి తెరిచేదానికి అంత పెద్దసారు వస్తా ఉండాడంటే ఎందుకు? మన వీధికి సిమెంటు రోడ్డు వేస్తామన్నారు, దాని పేరుతోనే. అది పోయినా ఊరికి ఒక మేలు జరగనీ."

"మీ అక్క ఏడాదిగా ఏం చూస్తా ఉండాదో తెలుసా మీకు, కళ్ళు మూసుకుంటే?"

"ఏడుస్తాది. తల్లి గదా. తూటా అంటే ఏడుపులో గర్వం ఉంటాది. మన్ను అంటే ఏముంటాది?"

నాకు జవాబు చేతిదాకా వచ్చింది. యూనిఫాం వేసుకున్న ఏళ్ళ వల్ల ఆగాను. లేకపోతే ఆ సంఘ కార్యదర్శికి ఆ రోజు ముఖం మీద ఒక గుర్తు ఉండేది. రోడ్డు కావాలి, సరే. టెంటు మార్చమని అడిగితే వద్దన్నవాడు ఎవడు అని ఎవరైనా అడగాలంటే మన్ను అనే మాట ముందు బయటికి రావాలి. తూటా అంటే అడిగేది లేదు. దండ వేసి పోవడమే.

కూడిక మొదలైంది. కరుణమ్మ ముందు వరుసలో కూర్చుంది. తెల్లచీర. కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుని ఉంది. పాట పాడారు. వాక్యం చదివారు. ఆ తర్వాత పెద్దసారు వచ్చేదాకా ఉపన్యాసాలు. ఒకాయన మూడు తూటాలన్నాడు. తర్వాతాయన ఐదు చేశాడు. మూడో ఆయన, సుగుణ పోతూ పోతూ నలుగురు శత్రువులను చంపిందన్నాడు. జనం చప్పట్లు కొట్టారు. మైకులో తూటా అన్నప్పుడల్లా కరుణమ్మ వేళ్ళు కుర్చీ మీద బిగుసుకుంటున్నాయి. తూటా ఒక్కొక్కటీ ఆమెకే తగులుతోంది. కొట్టేవాళ్ళు మైకు ముందు నిలబడి ఉన్నారు.

పెద్దసారు ఇంకా కలిగిరిలోనే ఉన్నాడని ఫోన్ వచ్చింది. పాస్టరుగారు లేచి, ఆలోగా సాక్ష్యాలు చెప్పేవాళ్ళుంటే చెప్పొచ్చన్నారు. మా కూడికల్లో సాక్ష్యానికి ఎవరైనా లేవొచ్చు. పేరు ముందుగా ఇవ్వక్కర్లేదు. లేచినవాళ్ళను కూర్చోబెట్టకూడదు.

నేను లేచాను. దేవదానం నాకంటే ముందు మైకు దగ్గరికి చేరాడు.

"ఈ అమ్మాయికి కాలు బాగలేదు. కూర్చోనీండి."

"కాలుతో చెప్పను మామా, నోటితో చెబుతాను."

వెనక ఎవరో నవ్వారు. మైకు నాకు అక్కర్లేదు. కుంటుకుంటూ కరుణమ్మ ముందుకు పోయాను. నాకు మోకాలు వంగదు కాబట్టి నిలబడే ఆమె చేయి పట్టుకున్నాను.

"పెద్దమ్మా, నేను సలోమిని. ఆత్మకూరు. సుగుణతో ఉన్నింటిని. దానికి ఒక్క తూటా గూడా తగల్లేదు. కొండ జారి మన్ను పడింది. పెట్టెలో పెట్టకముందు నేను చూసినాను. నా చేతుల్లోనే ఉన్నింది."

"మైకు ఆపండ్రా" అన్నాడు దేవదానం. మైకులో నేను లేను. ఆయన మాటే ఊరంతా వినపడింది.

పాస్టరుగారు ముసలాయన. అప్పటిదాకా ఒక్క ఉపన్యాసాన్నీ ఆపలేదు. ఇప్పుడు మాత్రం "ఉండు దేవదానం, సాక్ష్యం నడస్తా ఉండాది" అన్నారు.

కరుణమ్మ నా చేయి బిగించి దగ్గరికి లాక్కుంది.

"ముఖం?"

"బాగుండాది పెద్దమ్మా. ఈడ, కణత దగ్గర కొంచెం కమిలింది. అంతే."

"కండ్లు?"

"మూసుకోనుండాయి. నేను మూయలేదు. అట్లనే ఉండాయి."

"నొప్పి పడిందా?"

"తల వెనక ఒకటే దెబ్బ. దానికి తెలీనే తెలీదంట. డాక్టరు చెప్పినాడు."

"ఛాతీ?"

"ఏం లేదు పెద్దమ్మా. మన్ను తప్ప ఏం లేదు. నేనే కడిగినాను."

ఆ మాట దగ్గర ఆమె చేయి సడలింది. పక్క కుర్చీలోని ఆమెను లేపి నన్ను కూర్చోబెట్టింది. కాలు చాపుకోమంది.

"యాడ కడిగినావు? ఎట్లా కడిగినావు? అంతా చెప్పు."

చెప్పాను. పోస్టులో నీళ్ళు బురదయ్యాయి, మంచినీళ్ళ పైపు మన్ను కింద తెగిపోయింది. సుగుణను వంట షెడ్డులో పడుకోబెట్టాం. మన్ను ఎండకముందే తుడవాలి, నీళ్ళు లేవు. అప్పుడు పైనున్న పల్లె నుంచి ఒక నడివయసు ఆమె దిగి వచ్చింది. జారిన మన్ను మీద, ఎప్పుడు మళ్ళీ కదులుతుందో తెలియని దాని మీద, అడ్డం పడి నడిచి వచ్చింది. చేతిలో టీ కాచే పెద్ద రాగి పాత్ర. దాని నిండా వేడినీళ్ళు. మేము రోజూ చేతులెత్తించి తనిఖీ చేసే ఆడవాళ్ళలో ఆమె ఒకతి. మా మీద ప్రేమ ఉండాల్సిన పని ఆమెకు ఏమీ లేదు. ఆమె పోసింది, నేను కడిగాను. నీళ్ళు అయిపోతే పోయి మళ్ళీ తెచ్చింది. చివరికి తన తలగుడ్డ విప్పి సుగుణ జుట్టు తుడిచింది.

"జడ వేసినావా?" అంది కరుణమ్మ.

"వేసినాను."

"ముడి పెట్టినావా? డ్యూటీలో ముడే పెట్టాలనేది."

"పెట్టలేదు పెద్దమ్మా. వెనక ముడి ఉంటే తల సరిగా ఆనదు గదా పెట్టెలో. ఒకటే జడ అల్లి భుజం మీద నుంచి ముందుకు వేసినాను."

కరుణమ్మ తన కుడిచేయి ఎత్తింది. గాల్లో, నా ముందు, నుదురు ముట్టుకున్నట్టు అరచేయి ఆనించింది. భుజం మీది జడను సరిచేసినట్టు కిందిదాకా తెచ్చింది. ఏడాది ఆలస్యంగా ఆమె తన బిడ్డను చూసుకుంది.

తర్వాత అడిగింది, "ఆ నీళ్ళు తెచ్చినామె పేరేంది?"

చెప్పాను. మా రేడియో ఆపరేటర్ అడిగి తెలుసుకున్న పేరు అది. కరుణమ్మ లేచి నిలబడి, ఆ పేరుతో ప్రార్థన మొదలుపెట్టింది. మా సంఘంలో ఒక ముస్లిం పేరు వినపడేసరికి పెద్దలు కళ్ళు తెరిచి ఒకరినొకరు చూసుకున్నారు. ఆమె పట్టించుకోలేదు.

ప్రార్థన నడుస్తుండగానే కార్లు వచ్చాయి. దేవదానం పరుగెత్తాడు. ఆమేన్ అనేలోగా అక్కడ రాయి మీది గుడ్డ లాగేశారు. చప్పట్లు వినపడ్డాయి. కరుణమ్మ అటు పోలేదు. పిలవడానికి వచ్చినవాళ్ళతో "మీరు కానీండి, నాకు చుట్టం వచ్చింది" అని నా చేయి పట్టుకుని ఇంట్లోకి తీసుకుపోయింది.

రాయి మీద తూటాలే ఉన్నాయి. మార్చమని ఉత్తరం రాశాను. పాస్టరుగారు కూడా సంతకం పెట్టారు. జవాబు లేదు. టెంటు గురించి దళానికి కూడా రాశాను. దానికీ లేదు. సిమెంటు రోడ్డు సగం దాకా వేశారు. రాయి మీద పెద్దసారు పేరుంది, దేవదానం పేరుంది, రాయి ఇచ్చినవాళ్ళ పేరుంది. సుగుణ పేరు వాటి కంటే కొంచెం పెద్ద అక్షరాల్లో ఉంది. అంత అబద్ధాన్ని అంత నున్నగా చెక్కించిన చేతులను క్షమించమని నేను రోజూ ప్రార్థిస్తున్నాను. ఇంకా నాకు చేతకావడం లేదు.

నేను ఇంటికి వచ్చేశాను. మోకాలు చలికి సలుపుతుంది, మా ఆత్మకూరులో చలి ఎంతని. కొండ చప్పుడు మరిచిపోయే రోజులున్నాయి. ఆ వంట షెడ్డు మరుపు రాదు. మట్టి నేల మీద వేడినీళ్ళ ఆవిరి లేస్తోంది. ఆవిరికి ఇటు నేను, అటు నీళ్ళు తెచ్చినామె, మధ్యలో సుగుణ జుట్టు. ఆమె ఒక పాయ పట్టుకుని నాకు అందించింది. నేను అల్లాను. మళ్ళీ ఒక పాయ అందించింది.

సుగుణను గుర్తుపెట్టుకోవడానికి తల్లి ఉంది, నేనున్నాను. నాకు ఆ పాయలు అందించిన మనిషికి ఏ రాయి మీదా చోటు లేదు. ఇది చదివినవాళ్ళు ఏ దేవుణ్ణి కొలిచినా సరే, ఒక్కసారి ఆమెను తలుచుకోండి. ఆమె పేరు జూనా.